పిచ్చి ఆలోచనకు హక్కు ఎవరిది?

బి.బి.సి. రేడియో 4లో 2005లో ‘జీనియస్’ అనే హాస్య కార్యక్రమం మొదలైంది. దాన్ని నడిపింది డేవ్ గోర్మన్ అనే హాస్య కళాకారుడు. తన పేరే పెట్టుకున్న మనుషుల్ని దేశదేశాలు తిరిగి వెతికిన వైనాన్ని స్టేజి మీద కథగా చెప్పి పేరు తెచ్చుకున్నాడాయన. ‘జీనియస్’ పద్ధతి చాలా తేలిక. శ్రోతలు తమకు తోచిన విచిత్రమైన ఆలోచనలు పంపుతారు. అది ఓ కొత్త వస్తువు కావచ్చు, యంత్రం కావచ్చు, ప్రభుత్వం చెయ్యాల్సిన చట్టమూ కావచ్చు. ఎంపికైన ఆలోచనను, పంపినవారి సమక్షంలోనే, ప్రేక్షకుల ముందు చర్చకు పెడతారు. గోర్మన్, ఆ వారం అతిథిగా వచ్చిన ప్రముఖులొకరూ కలిసి ప్రశ్నలు వేస్తారు, ఆటపట్టిస్తారు, సాధ్యమా కాదా అని తర్కిస్తారు. చివరికి అతిథి తీర్పు చెప్పాలి: ఇది జీనియస్, లేదా కాదు. రేడియోలో నడిచిన ఈ కార్యక్రమం 2009లో బి.బి.సి. టూ టీవీ చానల్‌కి వెళ్ళింది, 2010లో రెండో విడత కూడా వచ్చింది. ఇప్పుడు రావడం లేదు.

ఇంగ్లండు రేడియో హాస్యంతో మనకేం పని అని పాఠకులకు అనిపించవచ్చు. ఈ కార్యక్రమంలో నన్ను పట్టి నిలబెట్టినది ఆలోచన చెప్పడానికీ తీర్పు రావడానికీ మధ్య నడిచే ఆ కొన్ని నిమిషాలు. ఒక మామూలు మనిషి, ఏ డిగ్రీ చూపించకుండా, ఏ కంపెనీ తరఫునా కాకుండా, ఓ వెర్రి ఆలోచనను నలుగురిలో పెట్టి నిలబడటం. నలుగురూ నవ్వడం. నవ్వుతూనే ‘అయితే ఇది ఎలా పని చేస్తుంది?’ అని అడగడం. నవ్వులపాలైనా పరువు పోకపోవడం. ఈ అవకాశం ఎవరికి ఉంటుంది, ఎవరికి ఉండదు అనే ప్రశ్న నాకు అక్కణ్ణించే మొదలైంది.

అసలు ఈ హాస్యానికి ఇంగ్లీషు సాహిత్యంలో పెద్ద వంశవృక్షమే ఉంది. 1726లో వచ్చిన స్విఫ్ట్ ‘గలివర్స్ ట్రావెల్స్’ మూడో భాగంలో లగాడో అకాడమీ గుర్తుందా? అక్కడొకాయన దోసకాయల్లోంచి ఎండని బయటికి తియ్యాలని ఏళ్ళ తరబడి కుస్తీ పడుతుంటాడు. ఇంకొకరు ఇల్లు కట్టడం పైకప్పు నుంచి మొదలుపెట్టాలంటారు. స్విఫ్ట్ వెక్కిరించింది తన కాలపు శాస్త్ర సంఘాల్ని. ఆ తర్వాత ఇరవయ్యో శతాబ్దంలో హీత్ రాబిన్సన్ అనే చిత్రకారుడు చిన్న పనికి పెద్ద యంత్రాలు, అదీ తాళ్ళతో, చక్రాలతో, ముడులతో గీసి నవ్వించాడు. అలాంటి అతుకుల యంత్రాలకు ఇంగ్లీషులో ఆయన పేరే విశేషణమైపోయింది. షెడ్డులో కూర్చుని ఏదో ఒకటి విప్పుతూ బిగిస్తూ ఉండే పెద్దమనిషి ఇంగ్లీషు వాళ్ళకి ముద్దొచ్చే బొమ్మ. ‘జీనియస్’ కార్యక్రమం ఈ షెడ్డు తలుపు తెరిచి శ్రోతలందరినీ లోపలికి పిలిచింది.

లగాడోలో స్త్రీలు కనిపించే చోటు ఒకటుంది. మన తరగతి గదుల్లో దాని మీద పెద్దగా ఆగం. మాట్లాడితే ఊపిరితిత్తులు అరిగిపోతాయి కాబట్టి మాటల్నే రద్దు చేద్దాం, ఏ వస్తువు గురించి చెప్పాలో ఆ వస్తువునే మూట కట్టుకుని తిరుగుదాం అని అకాడమీ మేధావులు ఓ పథకం వేస్తారు. ఆ పథకాన్ని అడ్డుకున్నవాళ్ళు ఆడవాళ్ళు, చదువురాని సామాన్య జనం. మా నాలుకతో మేం మాట్లాడుకోనివ్వకపోతే తిరగబడతాం అంటారు. స్విఫ్ట్ దాన్ని ఆడవాళ్ళ వాగుడు మీద జోకుగానే రాశాడు. కానీ ఆ అకాడమీ మొత్తంలో బుర్ర పెట్టి ఆలోచించినవాళ్ళు వాళ్ళేనని ఇప్పుడు చదివితే తెలుస్తుంది. ఒక ఆవిష్కరణ ఎవరి బతుకు మీద పడుతుందో వాళ్ళకి దాని మంచిచెడ్డలు ముందుగా తెలుస్తాయి. అయినా అకాడమీలో వాళ్ళకి కుర్చీ లేదు. వాళ్ళు బయట నిలబడి అరవాల్సిందే.

కార్యక్రమం పేరు దగ్గర కూడా కాసేపు ఆగాలి. ‘జీనియస్’ అమాయకమైన మాట కాదు. ప్రాచీన రోములో అది ప్రతి మగవాడి వెంటా ఉండే, అతని వంశాన్ని నిలిపే శక్తికి పేరు. ఆడవాళ్ళకి ఉండేది ‘జూనో’, అది వేరే. క్రిస్టీన్ బాటర్స్‌బీ 1989లో రాసిన ‘జెండర్ అండ్ జీనియస్’ పుస్తకంలో ఈ మాట చరిత్రను తవ్వి చూపించింది. కాల్పనికోద్యమ కాలం వచ్చేసరికి భావావేశం, సున్నితత్వం, అంతర్బుద్ధి లాంటి ‘ఆడ లక్షణాలు’ అనుకున్నవన్నీ మేధావికి గొప్ప గుణాలయ్యాయి. అవే లక్షణాలు నిజంగా ఆడదానిలో ఉంటే మాత్రం బలహీనతలుగానే మిగిలాయి. అంటే గుణాలు తీసుకుని మనిషిని బయటే ఉంచారు.

మన భాషలోనూ ఈ తమాషా ఉంది. అలంకారశాస్త్రంలో కావ్యానికి మూలకారణంగా చెప్పే ‘ప్రతిభ’ స్త్రీలింగ శబ్దం. ఆడపిల్లలకి ముచ్చటగా పెట్టుకునే పేరు. కానీ ‘మేధావి’ అనగానే మన కళ్ళ ముందుకి వచ్చేది కళ్ళజోడు పెట్టుకున్న మగాయనే. ఆడవాళ్ళ తెలివికి మన దగ్గర వేరే పదకోశం ఉంది: అతితెలివి, గడుసుతనం, జాణతనం, ఇంకా పోతే ‘స్త్రీ బుద్ధి ప్రళయాంతకం’. అలవాట్లు వింతగా ఉన్న మగవాణ్ణి ‘అదో రకం మనిషి’ అని ఊరుకుంటాం. అదే ఆడమనిషైతే ‘పిచ్చిది’ అంటాం, ఇంకొంచెం వెనక్కి వెళితే దయ్యం పట్టిందని వేపమండలు తెస్తాం.

అందుకే గోర్మన్ కార్యక్రమం చేసిన ఒక పని నాకు నచ్చింది. రెండు మూడు శతాబ్దాలుగా కిరీటంలా వాడుకున్న మాటను తీసి రబ్బరు స్టాంపులా చేసింది. బస్సులో కూర్చుని తోచిన ఆలోచనకు కూడా ‘జీనియస్’ అని ముద్ర వేస్తే ఆ మాట గాంభీర్యం దిగిపోతుంది. పంపినవాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు, మగవాళ్ళూ ఉన్నారు. స్టూడియోలో వాళ్ళ కులగోత్రాలు అడగరు. ఆలోచన ఎంత వెర్రిదైనా దాని లోపలి తర్కాన్ని మాత్రం గట్టిగా పట్టించుకుంటారు. ఈ నవ్వు కొట్టిపారేసే నవ్వు కాదు. ఆలోచన చెప్పినవాళ్ళు కూడా అందులో కలిసే నవ్వు. రేడియో కావడం కూడా దీనికి సాయపడింది. వస్తువు కనిపించదు, మనిషి కనిపించదు, చీరా జుట్టూ వయసూ ఏవీ కనిపించవు. గొంతు ఒక్కటే. ఆ గొంతు చెప్పే బొమ్మని వినేవాళ్ళు తమ బుర్రలో కట్టుకోవాలి.

అయితే ప్రశంస ఇక్కడితో ఆపాలి. ఈ కార్యక్రమంలో బాగా పేరుపడిన ఆలోచన ఒకటుంది, దాని పేరు ‘డెమోక్రాబస్’. బస్సు ఎక్కడికి వెళ్ళాలో ముందే నిర్ణయించిన రూటు ఉండదు. ఎక్కినవాళ్ళు ఓటు వేస్తారు, ఎక్కువమంది ఎటు అంటే బస్సు అటు వెళ్తుంది. వినగానే నవ్వొస్తుంది. రెండో నిమిషంలో ప్రజాస్వామ్యం మీద చక్కటి వ్యంగ్యం అనిపిస్తుంది. మన గమ్యం ఇతరుల ఓటు మీద ఆధారపడితే ఎలా ఉంటుందో తెలుస్తుంది.

మూడో నిమిషంలో నాకు వేరే బొమ్మ కనిపించింది. రాత్రి పదిన్నర. బస్సులో ఆరుగురు. అయిదుగురు మగవాళ్ళు, ఒక ఆడమనిషి. ఆవిడ ఇల్లు ఇటు, వాళ్ళ ఓట్లు అటు. ఈ బస్సులో ఆవిడ ఎక్కుతుందా? ఎక్కదు. ఎక్కినా ఓటు వెయ్యడానికి చెయ్యెత్తి తన ఇల్లు ఎటో అందరికీ తెలియనివ్వదు. ఇది జోకును పాడు చెయ్యడమే, నాకు తెలుసు. కానీ జోకు పాడైన చోటే దాని పునాది కనిపిస్తుంది. ఏ స్టాపులో దింపినా క్షేమంగా ఇల్లు చేరగలిగినవాళ్ళకి ఆ బస్సు సరదా. ఎక్కడ దిగుతామన్నది ప్రాణానికి సంబంధించిన విషయమైనవాళ్ళకి రూటు నంబరు, టైము, చివరి బస్సు ఇవే పెద్ద ఆవిష్కరణలు.

బస్సు మాట వచ్చింది కాబట్టి మన సంగతీ చెప్పుకోవాలి. 2023 డిసెంబరులో తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం మొదలైంది, 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లోనూ వచ్చింది. ఖర్చు గురించీ, రద్దీ గురించీ వాదించుకోవడానికి చాలా ఉంది. కానీ వాదన కంటే ముందు వచ్చింది నవ్వు. బస్సులో కూర్చుని వెల్లుల్లి పొట్టు తీసుకుంటున్న ఆడవాళ్ళ వీడియో ఊరూరా తిరిగింది. పనీపాటా లేక తిరుగుతున్నారని జోకులు పేలాయి. ప్రయాణంలో కూడా ఇంటిపని వదలని ఆడవాళ్ళని చూసి పనిలేనివాళ్ళని నవ్వడం ఎంత విచిత్రం! ప్రయాణానికి పట్టే సమయాన్ని పనికి వాడుకునే ఏర్పాటు అది. ఓ కంపెనీ మేనేజరు లాప్‌టాప్ తెరిచి రైల్లో అదే పని చేస్తే దాన్ని సమర్థత అంటారు.

ఆలోచన కన్నా ముందు నవ్వు రావడం స్త్రీల ఆవిష్కరణల చరిత్రంతటా ఉంది. అమెరికాలో అలబామాకు చెందిన మేరీ ఆండర్సన్ చలికాలంలో న్యూయార్క్ వెళ్ళినప్పుడు, మంచు పడుతుంటే ట్రాము డ్రైవరు అద్దం తెరిచి వణుకుతూ దారి చూసుకోవడం గమనించింది. లోపలి నుంచే మీట తిప్పి అద్దం తుడిచే సాధనం తయారుచేసి 1903 నవంబరులో పేటెంట్ తీసుకుంది. దాన్ని తయారుచేసి అమ్మమని 1905లో కెనడాలోని ఒక సంస్థను అడిగితే, ఇందులో వ్యాపారానికి పనికొచ్చేంత విలువ లేదని జవాబొచ్చింది. 1920లో పేటెంట్ గడువు తీరిపోయింది. ఆ దశాబ్దంలోనే వైపర్ కార్లకు మామూలు భాగమైపోయింది. ఆమెకు దాని మీద డబ్బు రాలేదు.

మార్గరెట్ నైట్ కథ ఇంకో రకం. అడుగు చదునుగా ఉండే కాగితం సంచులు చేసే యంత్రాన్ని ఆమె తయారుచేస్తుండగా, చార్లెస్ అనన్ అనేవాడు నమూనా చూసి తన పేర పేటెంట్‌కి పెట్టేశాడు. ఆమె కేసు వేసింది. ఓ ఆడమనిషికి ఇంత క్లిష్టమైన యంత్రం సంగతి ఎలా తెలుస్తుందని అతను వాదించాడంటారు. ఆమె తన చిత్రపటాలు, దినచర్య పుస్తకం, సాక్షుల్ని తెచ్చి పెట్టింది. 1871లో పేటెంట్ ఆమెకే దక్కింది. ఆలోచన జీనియసా కాదా అన్న పేచీ ఇక్కడ ఎవరికీ లేదు. అందరూ ఒప్పుకున్నారు కాబట్టే దొంగతనం జరిగింది. అది ఆమెది అవునా కాదా అన్నదే పేచీ.

నవ్వు అన్నిసార్లూ శత్రువేం కాదు. 1991లో అమెరికాలో మొదలైన ఇగ్ నోబెల్ బహుమతుల ఉద్దేశం ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేయడం. 2009లో ప్రజారోగ్యం బహుమతి ఎలెనా బోద్నార్ బృందానికి వచ్చింది. ఆవిడ ఉక్రెయిన్ నుంచి వచ్చిన డాక్టరు, చెర్నోబిల్ ప్రమాద బాధితుల్ని దగ్గరగా చూసినావిడ. అత్యవసర సమయంలో విప్పి రెండు ముఖాలకు మాస్కులుగా వాడుకోగలిగే బ్రాను తయారుచేసింది. వేదిక మీద నోబెల్ గ్రహీతలకు తొడిగి చూపించింది. సభంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. అయితే ఆ నవ్వు వెనక ఒక భయానకమైన లెక్క ఉంది: గాలిలో విషం కలిసిన క్షణాన మనిషి దగ్గర అప్పటికే ఉన్న వస్తువు ఏది? ఎక్కడికో పరుగెత్తి తెచ్చుకునే టైము ఉండదు కదా. 2020లో ప్రపంచమంతా మాస్కుల కోసం వెతుక్కుంది. చీరకొంగులు, చున్నీలు, పాత బనీన్లు ముఖానికి కట్టుకున్నాం. అప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు.

‘జీనియస్’ మొదలైన సంవత్సరానికి సరిగ్గా నూరేళ్ళ ముందు, 1905లో, మద్రాసు నుంచి వచ్చే ‘ఇండియన్ లేడీస్ మేగజైన్’లో ఒక కథ అచ్చయింది. ఆ పత్రికను 1901లో ప్రారంభించి నడిపిన కమలా సత్తియనాథన్ తెలుగు కుటుంబంలో పుట్టినావిడ. కథ పేరు ‘సుల్తానాస్ డ్రీమ్’, రాసింది బెంగాల్‌కు చెందిన రొకేయా సఖావత్ హుసేన్. ఆ కథలోని దేశంలో మగవాళ్ళు పరదాలో ఉంటారు, స్త్రీలు దేశాన్ని నడుపుతారు. ఆ ఏర్పాటు రావడానికి ముందు జరిగిన సంగతి నాకిక్కడ ముఖ్యం. స్త్రీల విశ్వవిద్యాలయాలు రెండు పోటీ పడి, ఒకటి మబ్బుల్లోంచి నీటిని దించుకునే సాధనాన్ని, రెండోది సూర్యుడి వేడిని పట్టి దాచుకునే సాధనాన్ని తయారుచేస్తాయి. ఆయుధాలు పెంచుకునే పనిలో మునిగివున్న మగవాళ్ళు ఆ వార్త విని, అదంతా ఒక భావావేశపు పీడకల అని తేలిగ్గా తీసిపారేస్తారు. స్త్రీలు వాదనకు దిగరు. యుద్ధంలో మగవాళ్ళు ఓడిపోయి వెనక్కి వచ్చాక, ఆ సూర్యుడి వేడినే శత్రువు మీదకి మళ్ళించి దేశాన్ని కాపాడతారు.

ఈ కథను మనం సాధారణంగా తలకిందులైన పరదా గురించిన వ్యంగ్యంగా చదువుతాం. నేను దీన్ని ఆవిష్కరణ మీద తీర్పు చెప్పే అధికారం గురించిన కథగా కూడా చదువుతాను. స్విఫ్ట్ లగాడోలో ఎండను దోసకాయలోంచి తియ్యడం పిచ్చితనం. రొకేయా లోకంలో ఎండను నిలవ చేసుకోవడం శాస్త్రం. రెండు పుస్తకాల్లోనూ ఉన్నది ఒకే కోరిక. ఈ రోజు మన డాబాల మీద సోలార్ పలకలు పెట్టుకుని తిరిగి చూస్తే, ఏది వెర్రి, ఏది శాస్త్రం అనే గీత కాలంతో జరుగుతుందని అర్థమవుతుంది. ఆ గీతను ఎవరు గీస్తారన్నది మాత్రం అంత తొందరగా మారదు.

ఇక ఇంకో రకం ఆవిష్కరణ మన ఊళ్ళలోనే ఉంది. పోచంపల్లి తరహా చిటికీ చీరలకి, దారానికి రంగు అద్దే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో మేకులు కొట్టిన చట్రం మీద దారాన్ని ఒక్కో మేకు చుట్టూ తిప్పాలి. ఒక చీరకి వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. ఈ పని చేసేది ఆడవాళ్ళు. భుజాలు, మోచేతులు పట్టేస్తాయి. చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారుచేశారు. 1992లో మొదలుపెట్టి 1999లో పూర్తి చేసి తల్లి పేరే పెట్టారు. ఈలోగా ఊళ్ళో నవ్వినవాళ్ళకు లెక్కలేదు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన జీవితం మీద సినిమా వచ్చింది. బడి చదువు మధ్యలో ఆగిపోయిన ఓ చేనేత కార్మికుడు సాధించిన ఈ పని నిజంగా గొప్పది. వర్గం, కులం అడ్డుపడిన చోట మగవాడి ఆలోచన కూడా నవ్వులపాలవుతుందని ఈ కథ గుర్తు చేస్తుంది.

అయినా ఒక విషయం మీద మన చూపు నిలవాలి. యంత్రం అనుకరించాల్సింది ఆ తల్లి చేతిని. దారం ఎంత బిగువులో ఉండాలి, ఎక్కడ తెగుతుంది, మేకు దగ్గర చెయ్యి ఎలా తిరగాలి అనే జ్ఞానం అంతకు ముందు ఏ పుస్తకంలో ఉంది? తరతరాల ఆడవాళ్ళ భుజాల్లో ఉంది. మనం దాన్ని నొప్పిగా గుర్తించాం, జాలిపడ్డాం. అది ఇంజనీరింగు కూడా అని ఎప్పుడైనా అన్నామా?

ఇక్కడే నేను చెప్పదలుచుకున్న అసలు మాటకి వస్తాను. ఆడవాళ్ళ ఆలోచనలు అచ్చు కాలేదని కాదు. మన వారపత్రికల్లో, మాసపత్రికల్లో దశాబ్దాలుగా కుప్పలుతెప్పలుగా అచ్చయ్యాయి. వాటి పేరు ‘చిట్కా’. ఉప్పు డబ్బాలో నాలుగు బియ్యపు గింజలు వేస్తే చెమ్మ పట్టదు. కుక్కర్ రబ్బరు వదులైతే కాసేపు ఫ్రిజ్‌లో పెడితే బిగుసుకుంటుంది. పచ్చిమిరపకాయలు తొడిమలు తీసి నిలవ చేస్తే తొందరగా కుళ్ళవు. ఒక్కో చిట్కాలో ఓ సమస్యను గమనించడం ఉంది, కారణం ఊహించడం ఉంది, చేసి చూడటం ఉంది, పదిమందికీ చెప్పడం ఉంది. కింద ఓ పేరు, ఓ ఊరు. ఆకాశవాణి మహిళా కార్యక్రమాల్లోనూ వీటికి చోటుండేది, మధ్యాహ్నం పూట, ఆడవాళ్ళు ఆడవాళ్ళకి చెప్పుకునేందుకు. ఎవరూ వీటిని చూసి నవ్వలేదు, ఎందుకంటే ఎవరూ వీటి మీద తీర్పు చెప్పదగ్గవిగా భావించలేదు. నవ్వడానికి కూడా ఓ స్థాయి గుర్తింపు కావాలి. ‘జీనియస్’కి వచ్చిన ఆలోచనకీ, చిట్కాకీ తేడా ఏమిటంటే, మొదటిది పనికిరాకపోయినా దానికి ఓ కర్త ఉంటాడు. రెండోది ప్రతి ఇంట్లో పనికొస్తుంది, కర్త ఉండదు.

పిహెచ్.డి.లో చేరేటప్పుడు నేను రాసుకెళ్ళిన మొదటి ప్రతిపాదన ఈ చిట్కాల మీదే. తెలుగు పత్రికల్లో స్త్రీలు రాసిన గృహ చిట్కాలను ఒక గద్య ప్రక్రియగా చూడాలని నా ఉద్దేశం. ఆజ్ఞార్థకంలో నడిచే ఆ వాక్యాలు, వాటిలో కనిపించే వస్తువులు, ఫ్రిజ్జు, గ్యాసు పొయ్యి మధ్యతరగతి ఇంట్లోకి వచ్చిన క్రమం, అన్నిటినీ కలిపి చదవాలనుకున్నాను. కమిటీలో ఒక ఆచార్యులవారు కాగితం పూర్తిగా తిప్పకుండానే, ‘థీసిస్‌తో పాటు ఆవకాయ జాడీ కూడా సమర్పిస్తావామ్మా?’ అన్నారు. గది గదంతా నవ్వింది. నవ్వినవాళ్ళలో ఇద్దరు స్త్రీలు కూడా ఉన్నారు. ఆ పూట నా ప్రతిపాదన మీద ఒక్క ప్రశ్న పడలేదు. వేరే అంశం తీసుకుని డాక్టరేటు పూర్తి చేశాను, అది కూడా నాకు ఇష్టమైన అంశమే. కానీ ‘జీనియస్’ విన్నప్పుడు నాకు ఆశ్చర్యం కలిగించినది ఆ ఒక్క సంగతే. అక్కడ బస్సుకి ఓటు పెట్టాలన్న ఆలోచనకు కూడా వరసగా ప్రశ్నలు పడ్డాయి. ఎలా పని చేస్తుంది, ఎవరికి ఉపయోగం, ఆగిపోతే ఏం చేస్తావు అని. నవ్వినా ప్రశ్న మానలేదు.

ఇప్పుడు నేను పాఠం చెప్పే గదిలో అమ్మాయిలు మాట్లాడే ముందు ఒక వాక్యం తప్పకుండా అంటారు: ‘ఇది కొంచెం సిల్లీగా ఉంటుందేమో మేడమ్, కానీ...’ అబ్బాయిలు అది తక్కువగా అంటారు. ఎవరో నవ్వే ముందే తామే నవ్వేసుకుంటే దెబ్బ తక్కువ తగులుతుందని ఆ పిల్లలకి పద్దెనిమిదేళ్ళకే తెలుసు. ఆ ముందుమాటతో ఆలోచన సగం చచ్చిపోయి బయటికి వస్తుంది. మంచి ఆలోచన చెప్పే హక్కు గురించి మనం చాలా పోరాడాం. ఆ హక్కు మనకి కొంత దక్కింది కూడా. కానీ మంచి ఆలోచన ఒకటి రావాలంటే దాని ముందు పది పిచ్చివి రావాలి. ఆ పదింటికీ చోటు లేని మనిషి పదకొండోదాన్ని చేరదు. ప్రతిసారీ నెగ్గితేనే నోరు తెరవాలన్న షరతు మగవాళ్ళ షెడ్డుకి ఎప్పుడూ లేదు.

గోర్మన్ కార్యక్రమంలో తీర్పు చెప్పే అధికారం ఓ ప్రసిద్ధ వ్యక్తికి ఇవ్వడం నాకు నచ్చని విషయం. ఆలోచన విలువ ఒక పేరున్న మనిషి ‘ఊఁ’ అంటేనే తేలడం పాత కథే. దాన్ని వదిలేద్దాం. తీర్పుకి ముందు అడిగే ఆ ప్రశ్నలు మాత్రం మనం తెచ్చుకోవచ్చు. కమిటీల్లో, సంపాదకవర్గాల్లో, సెమినార్లలో ఇప్పుడు మనం కూడా కూర్చుంటున్నాం. ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామంది ఏదో ఒక చోట తీర్పు చెప్పే కుర్చీలో ఉన్నవాళ్ళే. ఒక అమ్మాయి వింత ప్రతిపాదనతో వచ్చి నిలబడినప్పుడు, నవ్వొస్తే నవ్వుదాం, తప్పులేదు. ఆ వెంటనే కాగితం పూర్తిగా తిప్పి, ఇది ఎలా పని చేస్తుందో చెప్పమని అడుగుదాం.